దూరం ఒకటే, గంటలు వేరు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం పైకి చాలా చిన్నది. ఒక విమానాశ్రయం నుంచి, బాగా దూరంగా ఉన్న ఇంకో విమానాశ్రయానికి ఎంత దూరం, ఎన్ని గంటలు? ఫోన్లో రెండు ఊళ్ల పేర్లు కొడితే రెండు అంకెలూ క్షణంలో వచ్చేస్తాయి. దీనికోసం ఇంతమందిని కూర్చోబెట్టడం దేనికని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ రెండు అంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ రెండూ ఒక జాతివి కావు. దూరం జ్యామితి లెక్క. నిన్న ఎంతుందో ఇవాళా అంతే. గంటలు అలా కాదు. ఆ రోజు వీచే గాలిని బట్టి, మనం వెళ్లే దిక్కును బట్టి, ఏ దేశం తన ఆకాశంలోకి రానిస్తోంది, ఏ దేశం రానివ్వడం లేదు అన్నదాన్ని బట్టి మారిపోతాయి. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని చిన్నప్పుడు అందరం నేర్చుకున్నాం. ఆ భాగహారం విమానం దగ్గర ఎక్కడెక్కడ తేడా కొడుతుందో ఇవాళ చూద్దాం.

ముందు దూరం సంగతి. సింగపూర్, న్యూయార్క్ తీసుకుందాం. ఈ రెండింటి మధ్య ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానం ఉంది. మామూలు ప్రయాణికులు టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానాల్లో అతి పొడుగు దారి ఇదేనని కొన్నేళ్లుగా చెప్పుకుంటున్నాం. సింగపూర్ విమానాశ్రయం భూమధ్యరేఖకు కాస్త పైన, ఉత్తరంగా 1.4 డిగ్రీల దగ్గర ఉంది. న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయం ఉత్తరంగా 40.6 డిగ్రీల దగ్గర. ఇక రేఖాంశాలు చూడండి. సింగపూర్‌ది తూర్పు 104, న్యూయార్క్‌ది పడమర దాదాపు 74. కలిపితే 178. సరిగ్గా 180 అయ్యుంటే ఈ రెండు ఊళ్లూ భూగోళానికి ఎదురెదురు పక్కల ఉన్నట్టు. రెండు డిగ్రీలే తక్కువ కాబట్టి దాదాపు అంతే అనుకోవచ్చు. అప్పుడు ఈ రెండింటి మధ్య దగ్గరి దారి ఎటు పోవాలి? నేరుగా ఉత్తర ధ్రువం మీదుగా పోవాలి.

ఇది తెలిశాక కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. సింగపూర్ నుంచి ధ్రువం దాకా 90లోంచి 1.4 తీసేస్తే 88.6 డిగ్రీలు. ధ్రువం నుంచి న్యూయార్క్‌కు దిగడానికి 90లోంచి 40.6 తీసేస్తే 49.4. రెండూ కలిపితే 138 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. ఎందుకంటే నాటికల్ మైలును పుట్టించిందే అలా, అక్షాంశంలో ఒక నిమిషం ఎంతో అంత అని. తర్వాత 1929లో దాన్ని 1,852 మీటర్లుగా ఖాయం చేశారు. 138ని 60తో గుణిస్తే 8,280 నాటికల్ మైళ్లు. కిలోమీటర్లలోకి మారిస్తే 15,335. పట్టికల్లో చూస్తే ఈ దూరం 15,340కీ 15,350కీ మధ్య కనిపిస్తుంది. నోటిలెక్కకి అంత దగ్గరగా వచ్చిందంటే నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఒక్కోచోట ఒక్కో అంకె చూపిస్తారేమిటని అడుగుతుంటారు. కారణాలు రెండు. భూమి పూర్తి గుండ్రం కాదు. మధ్యలో కాస్త ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357. గుండ్రం అనుకుని 6,371తో లెక్క వేసిన చోట ఒక అంకె వస్తుంది, ఉబ్బును కూడా లెక్కలోకి తీసుకున్న చోట ఇంకో అంకె. రెండోది, విమానాశ్రయం అంటే ఎక్కణ్ణుంచి కొలవాలి? ప్రతి విమానాశ్రయానికీ రన్‌వేలన్నిటికీ నడిమధ్య అనదగ్గ ఒక బిందువును అధికారికంగా ప్రకటిస్తారు. కొలత ఆ బిందువు నుంచి ఈ బిందువుకి. ఊరి నడిబొడ్డు నుంచి కొలిస్తే అంకె మారుతుంది మరి. పది ఇరవై కిలోమీటర్ల తేడా కనిపిస్తే కంగారు పడకండి, రెండూ సరైన లెక్కలే అయ్యుంటాయి.

ఇప్పుడు గోడమీద వేలాడే ప్రపంచపటం గురించి ఒక మాట. మన బుర్రల్లో ఉన్న పటం చాలావరకు 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతిది. ఓడ నడిపేవాళ్లకు దిక్సూచి కోణం తప్పకుండా ఉండాలని గీసిన పటం అది. ఆ పనికి అద్భుతం. దూరాలు చూడ్డానికి మాత్రం పనికిరాదు. దాంట్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

ఈ పటం మనల్ని ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి నాకు ఇష్టమైన జంట సిడ్నీ, శాంటియాగో. ఆస్ట్రేలియాలో ఒకటి, చిలీలో ఒకటి. రెండూ దక్షిణంగా 33, 34 డిగ్రీల మధ్యే ఉన్నాయి. అంటే పటంలో ఒకే గీత మీద. అలాంటప్పుడు ఏం చేయాలనిపిస్తుంది? ఆ గీత పట్టుకుని తిన్నగా తూర్పుకి పోతే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా పోతే సుమారు 12,800 కిలోమీటర్లు అవుతుంది. ఇంట్లో గోళం ఉంటే దాని మీద సిడ్నీ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, రెండో కొస శాంటియాగో దగ్గర పెట్టి బిగించి చూడండి. దారం ఆ గీత మీద నిలవదు. కిందికి జారిపోతుంది. దాదాపు 62 డిగ్రీల దాకా దిగుతుంది, పక్కనే అంటార్కిటికా ఉందనిపించేంత దూరం. ఆ దారి పొడవు 11,340 కిలోమీటర్లే. 1,400 కిలోమీటర్లకు పైగా మిగిలింది. విమానానికి అది గంటన్నర పైచిలుకు. లెక్కల పుస్తకాల్లో మహావృత్తం అనేది ఈ దారంలాంటి దారినే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. దూరానికి ఒక పైకొస ఉంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి, ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా దగ్గరి దారి 20,000 దాటదు. అంతకు మించి అనుకుంటే అటువైపు నుంచి తిరిగి వస్తున్నట్టే.

సరే, దూరం అయిపోయింది. ఇప్పుడు అసలు కథ.

సింగపూర్, న్యూయార్క్ మధ్య 15,340 కిలోమీటర్లు అన్నాం. పెద్ద విమానం పైకెళ్లాక ధ్వని వేగంలో 85 శాతంతో పోతుంది. అక్కడ చలి మైనస్ 56 డిగ్రీలుంటుంది కాబట్టి ధ్వని కూడా నేలమీద కంటే నెమ్మదిగానే పోతుంది, గంటకు 1,060 కిలోమీటర్లు. అందులో 85 శాతం అంటే 900. 15,340ని 900తో భాగించండి. 17 గంటలు. కానీ టైమ్‌టేబుల్లో 18 గంటల పైమాటే ఉంటుంది. ఒక్కోసారి 19కి దగ్గరగా కూడా వేస్తారు. ఆ గంటన్నరా రెండు గంటలూ ఎక్కడికి పోయాయి?

కొంత భాగం తేలిగ్గా తెలిసిపోతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విమానం 900తో పోదు. గాలి ఏ వైపు నుంచి వీస్తే ఆ వైపుకి ముఖం పెట్టి లేవాలి కాబట్టి, పోవాల్సిన దిక్కుకి పూర్తిగా వ్యతిరేకంగా లేచి చుట్టూ తిరిగి రావాల్సిన రోజులుంటాయి. రద్దీగా ఉండే చోట దిగడానికి వరుసలో నిలబడ్డట్టు గాలిలోనే గిరికీలు కొట్టాలి. పైగా టైమ్‌టేబుల్లో ఉండేది ఎగిరిన సమయం కాదు. చక్రాల కింద అడ్డు తీసి గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి, అవతల గేటు దగ్గర మళ్లీ అడ్డు పెట్టేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకే ఇరవై నిమిషాలూ, దిగాక పాకే పది నిమిషాలూ అందులోవే. వీటి మీద విమాన సంస్థలు కాస్త పిడికెడు నిమిషాలు అదనంగా కూడా వేసుకుంటాయి, ఆలస్యం అన్న పేరు రాకుండా. అందుకే అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా చెప్పిన టైముకే చేరి మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. పైలట్ తొక్కిపట్టి నడిపాడని మెచ్చుకుంటాం. చాలావరకు అది టైమ్‌టేబుల్ వేసినవాడి గొప్పతనం. (నవ్వులు)

ఇవన్నీ చిన్నవి. అసలు పెత్తనం గాలిది.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి, నదిలా పారే గాలి ఒకటుంది. జెట్ స్ట్రీమ్. గంటకు 200 కిలోమీటర్లు దాటడం అక్కడ పెద్ద విశేషం కాదు. విమానాలు ఎగిరేది సరిగ్గా ఆ ఎత్తులోనే. దీన్ని ముందుగా పద్ధతిగా కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి. 1920లలో తతెనో అనే చోటు నుంచి బెలూన్లు వదిలి, అవి ఎటు ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో చూసి, పైన విపరీతమైన గాలి ఉందని తేల్చాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో దాన్ని ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో రాశాడు. ఆ భాష ఎందరికి వచ్చు? ఎవరూ పట్టించుకోలేదు. 1944లో అమెరికా బీ-29 బాంబర్లు జపాన్ మీదికి అంత ఎత్తున వచ్చినప్పుడు ఆ గాలి వాళ్లకు ఎదురైంది. దానికి ఎదురుగా పోతే నేలమీద అడుగు ముందుకు పడనట్టు ఉండేది. దానితో కలిసి పోతే గురి పెట్టే వ్యవధే దొరికేది కాదు. దాదాపు ఇరవై ఏళ్ల ముందు అచ్చయిన అంకెలు ఎవరైనా తిరగేసి ఉంటే ఆశ్చర్యపోయే పని ఉండేది కాదు.

ఇక్కడ రెండు వేగాల తేడా పట్టుకోవాలి. విమానం గాలిలో ఎంత వేగంగా పోతోంది అన్నది ఒకటి. నేలను ఎంత వేగంగా దాటుతోంది అన్నది ఇంకొకటి. ఇంజిన్లకూ రెక్కలకూ మొదటిదే కావాలి. మనం ఊరు చేరడానికి రెండోది కావాలి. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద కియారా తుఫాను ఉన్నప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఏడు గంటలు అటూ ఇటూ పట్టే దారి. ఒక దశలో నేలమీద దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వనిని మించిపోయిందా అని అప్పట్లో చాలామంది అడిగారు. లేదు. దాని చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే రోజూ పోయే వేగమే. గాలే దాన్ని మోసుకుపోయింది.

మరి పోయేటప్పుడు లాభం, వచ్చేటప్పుడు నష్టం, రెండూ చెల్లుకు చెల్లు కదా అనుకుంటారు. కాదు. ఒక చిన్న లెక్క వేద్దాం. దూరం 9,000 కిలోమీటర్లు, విమానం వేగం 900. గాలి లేకపోతే పోవడానికి 10, రావడానికి 10, మొత్తం 20 గంటలు. ఇప్పుడు గంటకు 100 కిలోమీటర్ల గాలి పెట్టండి. గాలి వెనకుంటే వేగం 1,000, పట్టేది 9 గంటలు. ఎదురుంటే 800, పట్టేది 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. మిగిలింది గంట, పోయింది గంటంపావు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది కొట్టే దెబ్బ కూడా ఎక్కువసేపే ఉంటుంది. రానూపోనూ లెక్కలో గాలి ఎప్పుడూ నష్టమే.

అంటే ఒకే దారిలో రానూపోనూ వెళ్తే అని అర్థం. విమానాలు నడిపేవాళ్లు అంత అమాయకులు కాదు. అట్లాంటిక్ మీద యూరప్‌కూ ఉత్తర అమెరికాకూ మధ్య ఏ రోజుకారోజు గాలి చూసుకుని దారులు గీస్తారు. తూర్పుకి పోయేవి గాలి నడుమకి, పడమరకి పోయేవి దాన్ని తప్పించుకుని. నిన్నటి దారి ఇవాళ ఉండదు.

ఇప్పుడు మళ్లీ సింగపూర్‌కి వద్దాం. దగ్గరి దారి ధ్రువం మీదుగా అని మనమే లెక్కగట్టాం కదా, మరి విమానం అటు పోతుందా? 2018 అక్టోబర్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కు ఈ సర్వీసు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన ప్రయాణ దూరం సుమారు 16,700 కిలోమీటర్లు. మన లెక్క కన్నా 1,300 పైన ఎక్కువ. సమయం 18 గంటల 45 నిమిషాల దాకా పట్టొచ్చన్నారు. తొలి విమానం 17 గంటల 52 నిమిషాల్లోనే చేరింది. సింగపూర్ నుంచి బయల్దేరిన విమానం తరచు పసిఫిక్ మీదుగా, జెట్ స్ట్రీమ్‌ను వెనకేసుకుని పోతుంది. దారి పెరుగుతుంది, గంటలు తగ్గుతాయి. తిరిగొచ్చేటప్పుడు అట్లాంటిక్ మీదుగా, అంటే మళ్లీ తూర్పుకే వచ్చే రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో పోయి వచ్చేసరికి భూప్రదక్షిణ పూర్తయినట్టే.

దీన్ని ఇంకా స్పష్టంగా చూపించిన ఉదాహరణ ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో. వాటి మధ్య మహావృత్తం దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా నడిపినప్పుడు దారి 13,900 అయ్యేది. 2016 అక్టోబర్‌లో అదే విమానాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దారి 15,300 అయింది. 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికన్నా తక్కువలో. దగ్గరి దారి కన్నా దూరపు దారి ముందు చేర్చింది. ఇంధనం ఖర్చయ్యేది కిలోమీటర్లకు కాదు, గంటలకు. కాబట్టి సంస్థకు ఇది రెండు రకాలా లాభం.

ధ్రువం మీదుగా పోవడానికి ఇంకా చిక్కులున్నాయి. విమాన ఇంధనంలో ఒక రకం మైనస్ 40 దగ్గర, ఇంకో రకం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయట అంతకన్నా చలి గంటల తరబడి ఉంటే రెక్కల్లోని ఇంధనం ఉష్ణోగ్రత మీద ఒక కన్నేసి ఉంచాలి. భూమధ్యరేఖ మీద నిలబడ్డట్టుండే ఉపగ్రహాలకు ధ్రువం కనిపించదు కాబట్టి ఎక్కువగా రేడియోతోనే మాట్లాడుకోవాలి. సూర్యుడి మీద తుఫాను రేగితే ఆ రేడియో కూడా మొరాయిస్తుంది. అలాంటప్పుడు దారి దక్షిణానికి మార్చేస్తారు. ఇవన్నీ ప్రకృతి పెట్టే ఆంక్షలు.

మనుషులు పెట్టేవి వీటిని మించినవి. ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి టోక్యోకు మహావృత్తం 7,850 కిలోమీటర్లు. దారి దాదాపు అంతా రష్యా మీదుగానే. సోవియట్ కాలంలో ఆ ఆకాశం దొరక్క, 1983లో ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం చుట్టూ తిరిగి టోక్యో చేరేది. తర్వాత సైబీరియా దారి తెరుచుకుంది. తొమ్మిదిన్నర గంటల్లో చేరడం మామూలైపోయింది. యూరప్‌కూ తూర్పు ఆసియాకూ మధ్య అంత దగ్గరి మజిలీ ఇంకోటి లేదన్న దాని మీదే ఆ సంస్థ తన వ్యాపారం అంతా కట్టుకుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక యూరప్ విమానాలకు రష్యా తన ఆకాశం మూసేసింది. ఇప్పుడు ధ్రువం మీదుగా గానీ, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగా గానీ 13 గంటలు. హెల్సింకీ కదల్లేదు, టోక్యో కదల్లేదు. మూడున్నర గంటలు పెరిగాయి. దూరం అంకెను మాత్రమే చూసేవాడికి ఇది అంతుచిక్కదు.

సిడ్నీ నుంచి శాంటియాగోకి దారం 62 డిగ్రీల దాకా దిగిందన్నాను. ఆ నీళ్ల మీద అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయం ఎక్కడుంది? రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన దానితో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేంత దగ్గర్లోనే ఎగరాలని నియమం ఉంది. ఒకప్పుడు ఆ గడువు 60 నిమిషాలే. ఇంజిన్లు నమ్మకంగా పనిచేస్తున్నకొద్దీ 120 అయింది, 180 అయింది, ఇప్పుడు కొన్ని విమానాలకు 330, ఇంకా ఎక్కువ కూడా. అందుకే దక్షిణ సముద్రాల మీద చాలా ఏళ్లు నాలుగు ఇంజిన్ల విమానాలే తిరిగాయి. ఇప్పుడు అదే దారిలో సిడ్నీ నుంచి పోవడానికి సుమారు పన్నెండున్నర గంటలు, తిరిగి రావడానికి 14 అటూ ఇటూ. గాలి ఎటు వీస్తుందో ఈపాటికి మీరే చెప్పగలరు.

అంత దూరం ఎగరడానికి ఏం వదులుకోవాలో కూడా చెప్పాలి. సింగపూర్ నుంచి పోయే ఆ ఎయిర్‌బస్ ఏ350లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. బరువులో 130 టన్నులు పైనే. విమానం లేవగలిగే గరిష్ఠ బరువు 280 టన్నులు. అంటే నిండా నింపితే దాదాపు సగం బరువు ఇంధనానిదే. ఆ ఇంధనంలో కొంత, మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చయిపోతుంది. ఈ రకం విమానంలో మామూలుగా 300 మంది పైన పడతారు. ఇందులో సీట్లు 161. మనుషుల్ని దించి నూనె ఎక్కించారన్నమాట. 2005 నవంబర్‌లో బోయింగ్ వాళ్లు 777 ఒకదాన్ని హాంకాంగ్ నుంచి లండన్‌కు కావాలని ఎదురు దిక్కున, పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటించి పంపారు. 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు. అందులో ఉన్నది 35 మంది. రికార్డు కోసం బాగుంటుంది, టికెట్లు అమ్మి నడపడానికి కాదు.

టికెట్టు మీద గంటలు లెక్క పెట్టడం గురించి రెండు మాటలు. బయల్దేరే టైము ఆ ఊరిది, చేరే టైము ఈ ఊరిది. రెండింటినీ ఒకే గడియారంలోకి తేవాలి. ఆక్లాండ్‌లో రాత్రి 11:55కి ఎక్కారనుకోండి. అక్కడ గడియారం, ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న యూటీసీ సమయానికి 12 గంటలు ముందుంటే యూటీసీలో అప్పుడు పొద్దున్న 11:55. హొనొలులుకి 8 గంటల 45 నిమిషాలు పడితే చేరేసరికి యూటీసీలో రాత్రి 8:40. హొనొలులు 10 గంటలు వెనక. అక్కడ అదే తేదీ పొద్దున్న 10:40. రాత్రి ఎక్కి ఆ రోజు పొద్దున్నే దిగారు. తేదీరేఖ చేసే గారడీ అది. మీ వయసేమీ తగ్గదు. (నవ్వులు)

ఎవరైనా నన్ను ఉన్నపళాన ఎన్ని గంటలు పడుతుందని అడిగితే నేను ఇలా చెప్తాను. మహావృత్తం దూరాన్ని 850తో భాగించి, ఒక అరగంట కలపండి. లండన్, న్యూయార్క్ మధ్య సుమారు 5,550 కిలోమీటర్లు, కాబట్టి ఏడు గంటలు. తూర్పుకి పోతే కాస్త తగ్గించండి, పడమరకి పోతే కాస్త పెంచండి. చలికాలంలో ఆ కాస్తని ఇంకా పెంచండి, జెట్ స్ట్రీమ్ అప్పుడు బలంగా ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా పోయే దారులకు గాలి సవరణ పెద్దగా అక్కర్లేదు. మధ్యలో మూసిన ఆకాశం ఉంటే మాత్రం ఈ లెక్క వదిలేసి టైమ్‌టేబుల్ చూడండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదండీ. మరి పడమరకి పోయే విమానానికి ఊరే ఎదురొచ్చినట్టు అవ్వాలి. త్వరగా చేరాలి కదా?)

మంచి ప్రశ్న. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. మీరన్నట్టయితే విమానం ఊరికే పైకి లేచి నిలబడితే చాలు, ఊళ్లన్నీ కింద నుంచి వచ్చేయాలి. కానీ నేలతోపాటు గాలి కూడా తిరుగుతోంది. రన్‌వే మీద ఆగి ఉన్న విమానం కూడా ఆ వేగంతోనే తిరుగుతోంది. లేచాక ఆ వేగం ఎక్కడికీ పోదు. కాబట్టి నేల తిరగడం వల్ల నేరుగా వచ్చే లాభం లేదు. అయితే భూభ్రమణం పనేమీ లేదని కూడా కాదు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి ధ్రువాల వైపు కదిలే గాలిని తూర్పుకి మళ్లించేది ఆ భ్రమణమే. జెట్ స్ట్రీమ్ అలాగే పుడుతుంది. అంటే భూమి తిరగడం వల్ల త్వరగా చేరేది తూర్పుకి పోయేవాళ్లు, మీరనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా.

(సభలోంచి: మధ్యలో ఒక ఊళ్లో మారి వెళ్తే దూరం ఎంత పెరుగుతుంది?)

ఆ ఊరు దారం మీద ఉందా లేదా అన్నదాన్ని బట్టి. లండన్ నుంచి సిడ్నీకి నేరుగా 17,016 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా వెళ్తే 10,880, మళ్లీ 6,300, మొత్తం 17,180 చిల్లర. 160 కిలోమీటర్లే ఎక్కువ, పదకొండు నిమిషాల పని. సింగపూర్ దాదాపు దారం మీదే ఉందన్నమాట. అయినా మీకు పట్టేది నాలుగైదు గంటలు ఎక్కువ, ఎందుకంటే దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం ఉంటాయి. ఈ గంటల కోసమే ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ ఆ రెండు ఊళ్లనీ ఒక్క ఊపులో కలపాలని చూస్తోంది. 2019లో లండన్ నుంచి సిడ్నీకి ప్రయోగంగా ఒకటి నడిపితే 19 గంటల 19 నిమిషాలు పట్టింది.

(సభలోంచి: యాభై ఏళ్లుగా విమానాల వేగం అదే 900. ఇంకా వేగంగా ఎందుకు పోవు?)

ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ గాలి అడ్డుపడటం ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంధనం గుటకలు వేస్తుంది. 85 శాతం దగ్గర ఆగడం బేరం కుదిరిన చోట ఆగడం. దాటి చూపించింది కాంకార్డ్. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో వచ్చింది. కానీ మన ఇవాళ్టి అంశం దూరపు విమానాశ్రయాలు. కాంకార్డ్ ఒకసారి ఇంధనం నింపుకుంటే పోగలిగింది సుమారు 7,200 కిలోమీటర్లు. టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు 8,800. అంటే మధ్యలో దిగి నింపుకోవాలి. పసిఫిక్ దాటాలనుకునేవాడికి అది మొదటి నుంచీ అక్కరకు రాని విమానమే. 2003లో దాన్ని ఆపేశారు. ఇంకెవరైనా అడుగుతారా?